కార్డిఫ్‌లో చెప్పిన అబద్ధం

మేడ మీది నుంచి మొదటి గ్రామఫోన్ రికార్డు వచ్చి బాపిరాజు కాళ్ల ముందు పడి రెండు ముక్కలైంది.

ఆయన ఆసుపత్రి నుంచి కొడుక్కి లుంగీ, తువ్వాలు తీసుకెళ్దామని ఇంటికి వచ్చాడు. ఆటో దిగి గేటు మీద చెయ్యి వేశాడో లేదో రెండోది వచ్చింది. అది గాల్లో గిర్రున తిరిగి ఎదురింటి కారు అద్దానికి తగిలింది. మూడోదీ నాలుగోదీ అట్టలతో సహా వచ్చాయి. ఎల్‌బీ నగర్‌లో ఆఫీసులకు బయల్దేరే వేళ అది. కాలనీలో సగంమంది రోడ్డు మీద నిలబడి మెడలు పైకెత్తి చూస్తున్నారు. ఆపండని అరిచినవాళ్లు లేరు. ఫోన్లు మాత్రం బయటికి తీశారు.

బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, ది హూ, లెడ్ జెప్లిన్, పింక్ ఫ్లాయిడ్ లాంటి పాత ఇంగ్లిష్ బ్యాండ్ల పాటలు. అన్నీ కాకినాడ రేవులో ఓడల వాళ్ల దగ్గర బతిమాలి కొన్నవే. టెలిఫోన్స్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ ఊరు బదిలీ అయినా బాపిరాజు వాటిని రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు. కట్టుకున్నదాన్ని ఎప్పుడైనా అంత పదిలంగా చూశారా అని కుసుమకుమారి దెప్పుతూనే ఉండేది. జనార్ధన్ ఇంట్లో రెండో అంతస్తు అద్దెకు తీసుకున్నాక, మేడ మీద తన గదిలో పెట్టుకోమని చోటిచ్చినవాడు ఇంటివాళ్ల అబ్బాయి ధనరాజ్. ఇప్పుడు విసురుతున్నదీ వాడే.

బాపిరాజు మెట్లెక్కాడు. మోకాళ్ల నొప్పి ఉందన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించిన ఆ గదిలోనే నాలుగేళ్లుగా ధనరాజ్, బాపిరాజు కొడుకు ఉపేంద్ర కలిసి పెట్టిన బ్యాండు పుట్టి పెరిగింది. డ్రమ్ముల తోళ్లు కత్తితో చీల్చి ఉన్నాయి. ధనరాజ్ నిన్నటి చొక్కా విప్పనే లేదు. దాని మీద నెత్తురు ఎండి నల్లబడింది. ఆ నెత్తురు బాపిరాజు కొడుకుది.

"ధనరాజ్! ఏంట్రా ఇది?"

"ఒచ్చినవా మామా. నీ కథలన్ని రోడ్డు మీదున్నయ్. పొయ్యి ఏరుకో."

"మా వాడి తలకి కుట్లు పడ్డాయిరా. ఎడమ చేతి వేళ్లు రెండు నుజ్జయ్యాయి. వాడు మళ్లీ గిటారు పట్టుకోగలడో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. అది చాలలేదా నీకు? ఇవేం చేశాయి నిన్ను?"

"గివే చేసినయ్."

ధనరాజ్ రెండు అంగల్లో వచ్చి ఆయన కాలరు పట్టుకున్నాడు. గోడకు అదిమేసరికి ముసలాయన తల వెనక గుడ్ల అట్ట పచ్చడయింది.

"చెప్పు మామా. లివర్‌పూల్ల బీటిల్సోళ్లు ఏం జేసిన్రు? రెండేండ్లు తోటి వాయించిన డ్రమ్మర్ని తీసేసిన్రు. దోస్తులు ఒక్కడన్న మొకం మీద చెప్పిండా? మేనేజర్ తోని చెప్పించిన్రు. గా కథ చెప్పుకుంట నువ్వేమన్నవ్? పిరికోళ్లు అన్నవ్. అన్నవా లేదా?"

"అన్నాను."

"మల్ల నన్ను తీసేసిన్రని చెప్పనీకె నువ్వెందుకొచ్చినవ్? ఉపేంద్ర ఎందుకు రాలే?"

పోయిన ఆదివారం ఉపేంద్ర వచ్చి, "ఇక మీదట మాకు నాగోలు అమ్మాయి భావన డ్రమ్స్ వాయిస్తుంది నాన్నా, ధనరాజ్ బావకి నువ్వు చెబితేనే వింటాడు" అన్నాడు. ఈయనేమో అదేదో ఘనకార్యమన్నట్టు తలూపి ఒప్పుకున్నాడు. మేడ మెట్లెక్కుతుంటే తానే ఆ లివర్‌పూల్ మేనేజర్ని అయినట్టు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"గీ గది నాది. గా డ్రమ్ములు నాయి. బ్యాండు పెడదాం రారా అని చెయ్యి పట్టి గుంజుకొచ్చింది నేను. చెప్పు!"

కాలరు మీది పిడికిలి గొంతు మీదికి జరిగింది. బాపిరాజుకు ఊపిరందలేదు. కళ్ల ముందు మసక కమ్మింది.

అప్పుడు ధనరాజ్ వీపు మీద ఛెళ్లున దెబ్బ పడింది.

జనార్ధన్ చేతిలో నీళ్ల పైపు ముక్క ఉంది. కొడుకు వెనక్కి తిరిగే లోపే ఇంకోటి వేశాడు. "ముసలాయన గొంతు వడ్తవారా? నీ చేతులిరగ!" మెడ మీద, భుజం మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టాడు. ధనరాజ్ తండ్రి మీద చెయ్యెత్తలేదు. చీలిన డ్రమ్ముల మధ్య కూలబడి దెబ్బలు తిన్నాడు. పైపు విరిగిపోయాక జనార్ధన్ కాలితో మూతి మీద తన్నాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది.

"సంపుతవా ఏంది వాణ్ణి?" ఇంద్రమ్మ వెనక నుంచి వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుని వేలాడింది. అతడు విదిలిస్తే గడప మీద పడింది.

ఆమెను లేపింది బాపిరాజే. తన గొంతు తడుముకుంటూనే లేపాడు.

జనార్ధన్ గదికి బయట గొళ్లెం పెట్టి, మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. ఎల్‌బీ నగర్ పొలాలుగా ఉన్నప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల వాళ్ల బంధుబలగమే. అతడి గొంతుకు ఎదురు చెప్పినవాళ్లు తక్కువ. ఆ గొంతును ఇప్పుడు మెత్తగా చేసుకున్నాడు.

"బావా, జర ఇను. ఎస్సై మేడం పగటీలి బువ్వ యాళ్లకు దవాఖానకొస్తదంట. పిలగాడు ఏం చెప్తె గది రాస్కుంటదంట. వాడు సోయిల లేకుంటె నిన్నడుగుతది."

"అడగనివ్వండి బావగారూ. జరిగింది చెబుతాం."

ఇంద్రమ్మ వచ్చి బాపిరాజు నిలబడ్డ చోటికి కింది మెట్టు మీద కూర్చుంది. ఏటా రాఖీ పున్నమికి ఆయన చేతికి దారం కట్టి స్వీటు నోట్లో పెట్టేది ఆమే. ఆ వరసతోనే ధనరాజ్‌కు ఆయన మామ అయ్యాడు.

"అన్నా, నువ్వే చెప్పినవ్ గద. గదేందో ఊర్ల, గదేందో బ్యాండు. డ్రమ్ములోడు గిటారు పిలగాన్ని స్టేజి మీదనే స్టాండు తోని కొట్టిండని. నేను చాయ్ తెచ్చినప్పుడల్ల గదే చెప్తుంటివి, గదే నవ్వుతుంటిరి."

"కార్డిఫ్," అన్నాడు బాపిరాజు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఏ కథలో ఊరిపేరు వదిలేసినా ఊరుకోలేని అలవాటు.

"ఆఁ, గదే. పోలీసులొస్తె ఏమన్నరన్నా?"

ఆమె ఏం అడగబోతోందో బాపిరాజుకు అర్థమైంది.

ఆ బ్యాండు పేరు కింక్స్. 1965లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో పాట మధ్యలో డ్రమ్మరుకూ గిటారిస్టుకూ గొడవ ముదిరి, డ్రమ్మరు కంచు పళ్లేలు బిగించే ఇనుప స్టాండు ఎత్తి వాడి తల మీద కొట్టాడు. చచ్చాడనుకుని పారిపోయాడు. గిటారిస్టు బతికాడు, కుట్లు పడ్డాయి. పోలీసులడిగితే, ఇదంతా మా కొత్త ఆటలో భాగం సార్, ఒకళ్ల మీద ఒకళ్లం వాద్యాలు విసురుకుంటాం అని చెప్పారు. కేసు లేకుండా పోయింది. ఈ కథ చెప్పినప్పుడల్లా బాపిరాజు పోలీసులా మీసం దువ్వి చూపించేవాడు. విన్నవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

"గట్లనే చెప్పన్నా. ఆటల దెబ్బ తగిలిందని చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

"అలా ఎలా చెప్పనమ్మా? అందరూ చూశారు."

"ఏం చూసిన్రు?" జనార్ధన్ అందుకున్నాడు. "దిల్‌సుఖ్‌నగర్ ఫంక్షన్ హాల్ల ఎంతమందున్నరు బావా? ఒక్కడన్న ఆపనీకె ఉరికొచ్చిండా? వీడియో సూడు. అందరు ఈలలే ఏస్తున్నరు."

అది నిజం. ప్రతి ప్రోగ్రాం చివర్లో ఒక పాత గిటారును నేలకేసి పగలగొట్టడం వీళ్ల బ్యాండుకు మామూలే. ది హూ వాళ్లు చేసేవాళ్లని చెప్పి అది నేర్పిందీ బాపిరాజే. నిన్న కోచింగ్ సెంటరు పిల్లల పార్టీలో, ముందు వరసలో ఉన్న బాపిరాజు కళ్లెదుటే, పిలవని ధనరాజ్ స్టేజెక్కి, భావన ముందున్న స్టాండు పెరికి ఉపేంద్రను కొట్టినప్పుడు, కొత్త ఐటం అనుకుని హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఉపేంద్ర నెత్తుట్లో పడి ఉంటే వన్స్ మోర్ అని అరిచారు. భావన మైకులో ఏడిస్తే గానీ ఎవరికీ అర్థం కాలేదు.

"నేనేం జబర్దస్తీ చేస్తలేను," అన్నాడు జనార్ధన్ లేస్తూ. "మీరు కేసు పెట్టి మల్ల గీ ఇంట్లనే ఉంటమంటె, నేనేమనను. గని మావోళ్లు ఊకోరు. వాళ్ల చేతులు నేను పట్టలేను బావా."

బాపిరాజు లుంగీ మాట మరిచిపోయి తిరిగి ఆసుపత్రికి వెళ్లాడు. గేటు ముందు ఎవరి స్కూటరో పింక్ ఫ్లాయిడ్ మీద నుంచి పటపటమని పోయింది.

కుసుమకుమారి వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. భర్త వట్టి చేతులతో రావడం చూసింది. మెడ మీది ఎర్రటి వేలిముద్రలు కూడా చూసింది.

"మిమ్మల్ని కూడా కొట్టాడా?"

"లేదు. పట్టుకున్నాడంతే."

ఆయన అంతా చెప్పాడు.

"చెప్పండి మరి, ఆటలో తగిలిందని," అంది చివరికి.

"కుసుమా!"

"చెప్పండి. మీకేమన్నా కొత్తా? పెళ్లిళ్లలో చెప్పారు, గృహప్రవేశాల్లో చెప్పారు, మా నాన్న కర్మ రోజున కూడా ఎవరికో చెప్పి నవ్వించారు. ఆ దెబ్బ తిన్న కుర్రాడికి ఒక తల్లి ఉండే ఉంటుందిగా? ఆవిడ ఆ రాత్రి ఎలా ఉందో ఎప్పుడైనా చెప్పారా?"

ఆయన నేల వంక చూశాడు.

"నాకు తెలీదు కుసుమా. ఎక్కడా చదవలేదు."

"చదవక్కర్లేదు. ఇటు చూడండి, చాలు."

చూశాడు. నిన్నటి నుంచి దువ్వని జుట్టు, కొడుకు నెత్తురంటిన చీరకుచ్చెళ్లు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఈమెను ఇంత దగ్గర నుంచి చూడలేదనిపించింది.

"నిజమే చెబుతాను. ఇల్లు పోతే పోనీ," అన్నాడు. ఆమె బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చింది.

ఎస్సై అమల వచ్చేసరికి ఉపేంద్ర మేలుకున్నాడు. తలకు కట్టు, ఎడమ చెయ్యి మోచేతి దాకా పిండికట్టు. అమల వెనకే జనార్ధన్, అతడి వెనక ధనరాజ్ వచ్చారు. ఎస్సై ముందే కొడుకు చేత క్షమాపణ చెప్పించి రాజీ చేసుకుందామని జనార్ధన్ వాణ్ణి గదిలోంచి తీసి చొక్కా మార్పించి తెచ్చాడు. చిట్లిన పెదవిని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాడు.

వాణ్ణి చూడగానే కుసుమకుమారి లేచి మంచానికి అడ్డంగా నిలబడింది.

"మాట్లాడగలవా బాబూ?" అంది అమల. "నిన్న ఏం జరిగింది?"

బాపిరాజు గొంతు సవరించుకున్నాడు. ఆయన కంటే ముందే కొడుకు మాట్లాడాడు.

"యాక్ట్ అండి మేడమ్."

"ఏంటి?"

"మా షోలో భాగమండి. చివర్లో ఎప్పుడూ గిటారు పగలగొడతాం. ఈసారి కొత్తగా చేద్దామనుకున్నాం. గురి తప్పింది. ధనరాజ్ బావ తప్పేం లేదు."

కుసుమకుమారి భర్త వంక తిరిగింది. మీరే నేర్పారా అన్నట్టుంది ఆ చూపు. బాపిరాజు కాదని తలూపాడు. నిజంగానే ఆయన నేర్పలేదు. చిన్నప్పటి నుంచి వాడికి చెప్పిన కథే అది. కొత్తగా నేర్పాల్సిన పనేముంది?

"ఉపేంద్రా, నీకు మతిపోయిందా? నీ వేళ్లు చూసుకున్నావా?"

"చూసుకున్నాను నాన్నా," అన్నాడు ఉపేంద్ర నీరసంగా. "కార్డిఫ్ తర్వాత వాళ్లు దాదాపు ఇరవయ్యేళ్లు కలిసి వాయించారు. నువ్వేగా చెప్పావు. అదే డ్రమ్మరు, అదే గిటారు. నేను వచ్చి బావకి చెప్పాల్సింది. నిన్ను పంపాను. అది నా తప్పే. దానికిది చెల్లు."

జనార్ధన్ పెద్దగా ఊపిరి వదిలాడు. "సూసిన్రా మేడం, బంగారం అసొంటి పిలగాడు. చిన్నప్పటి సంది అన్నదమ్ముల్లెక్క పెరిగిన్రు."

అమల ఇంకా రాసుకోలేదు. "నువ్వేమంటవ్?" అని ధనరాజ్‌ను అడిగింది.

ధనరాజ్ నవ్వాడు. చిట్లిన పెదవి మళ్లీ కారడం మొదలైంది.

"యాక్ట్ అంట! యాక్ట్ గాదు మేడం. నేను సోయిల ఉండే కొట్టిన. తలకాయ పగలగొడ్దామని ఎత్తిన. వాడు చెయ్యి అడ్డం వెట్టిండు, లేకుంటె సస్తుండె."

"నోర్ముయ్‌రా!" అన్నాడు జనార్ధన్.

"బ్యాండు తీస్కున్నడు. నా జాగ ఇంకొగలకిచ్చిండు. ఇగ ఇప్పుడు నా కోపం గూడ ఆటేనట! నాకు అదన్న మిగలనియ్యడా?"

జనార్ధన్ లాగి చెంప మీద కొట్టాడు. రెండోసారి ఎత్తిన చెయ్యిని ఈసారి ధనరాజ్ పట్టుకున్నాడు. పట్టుకుని వెనక్కి విసిరేశాడు. జనార్ధన్ మందుల ట్రాలీ మీద పడ్డాడు. సీసాలు భళ్లున పగిలాయి. నర్సు కేక పెట్టింది. అరచేతిలో గాజుముక్క దిగి జనార్ధన్ మణికట్టు దాకా నెత్తురు పాకింది.

ధనరాజ్ మంచం వైపు నడిచాడు. కుసుమకుమారి కదల్లేదు. అతడి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి తోసింది. అమల వెనక నుంచి కాలరు అందుకుంది.

"వాణ్ణి ముట్టను అత్తా," అన్నాడు ధనరాజ్. "ఒక్క మాట అడుగుత. ఉపేంద్రా, మొకం మీద చెప్పు. నన్నెందుకు తీసేసినవ్?"

వార్డులో పక్క మంచాల వాళ్లు కూడా ఇటే తిరిగారు. ఉపేంద్ర దిండు మీంచి తల కాస్త ఎత్తాడు.

"నీకు తాళం నిలవదు బావా," అన్నాడు. "మొదటి రోజు నుంచీ నిలవదు. నువ్వు పరుగెత్తితే నేనూ పరుగెత్తి, నువ్వు ఆగితే నేనూ ఆగి నాలుగేళ్లు వాయించాను. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

ఆ మాట ధనరాజ్‌కు ఏ దెబ్బకన్నా గట్టిగా తగిలింది. నీళ్ల పైపుకు కిక్కురుమననివాడు, ఇప్పుడు పొట్ట పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. గాజుపెంకుల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాసేపటికి రెండు చేతులూ అమల వైపు చాచాడు. "రాస్కోండి మేడం. సంపనీకె కొట్టిన."

"కాదు మేడమ్, యాక్టే," అన్నాడు ఉపేంద్ర.

అమల విసుగ్గా బాపిరాజు వైపు తిరిగింది. "నా సర్వీసుల ఇట్లాంటి కేసు చూళ్లేదు. మీరు పెద్దోళ్లు. నిన్న హాల్లో ముందు వరసలో ఉన్నారట. ఇద్దర్ల ఎవరిది నిజం?"

కార్డిఫ్ గురించి బాపిరాజును అడిగినవాళ్లందరూ తర్వాత ఏమైందనే అడిగారు. ఏది నిజమని అడిగింది ఈవిడే. కొడుకు కళ్లతో వద్దని బతిమాలుతున్నాడు. భార్య చూడటం లేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"రాసుకోండమ్మా," అన్నాడు. "నేను సాక్షిని. ధనరాజ్ చెప్పిందే నిజం."

"నాన్నా!"

అమల ధనరాజ్ భుజం పట్టి లేపింది. వాడు ఆమె వెంట నడిచాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి బాపిరాజు వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది ఏమిటో పోల్చుకునేంత తీరిక బాపిరాజుకు దొరకలేదు.

జనార్ధన్ నేల మీది నుంచి లేచాడు. నర్సు కట్టు కట్టబోతే తోసేశాడు. మంచి చేత్తో ఫోన్ తీసి, బాపిరాజు కళ్లలోకి చూస్తూనే మాట్లాడాడు.

"మట్టయ్యా, ఏడున్నవ్‌రా? మనోళ్లను తీస్కోని ఇంటికాడికి రా. రెండో అంతస్తుల సామానంత రోడ్డు మీద పడాలె. తాళముంటె పలగ్గొట్టు. ఇంద్రమ్మ అడ్డమొస్తె పక్కకు గుంజు."

కుసుమకుమారి చెప్పులేసుకుని మెట్ల వైపు పరుగెత్తింది.

బాపిరాజు కాళ్లు ఆమె వెంట పొమ్మంటున్నాయి. కానీ ముందు కొడుకు మంచం అంచున కూర్చున్నాడు. దెబ్బ తగలని వాడి కుడిచెయ్యిని తన చేతిలోకి తీసుకోబోయాడు.

ఉపేంద్ర ఆ చెయ్యి దుప్పట్లోకి లాక్కుని గోడ వైపు తిరిగాడు.